ఆర్థోగ్ చుట్టూ కాలినడక: కింద మౌదఖ్ మొగ, పైన కాదైర్ ఇద్రిస్

వేల్స్ పడమటి తీరంలో మౌదఖ్ నది కార్డిగాన్ అఖాతంలో కలిసే ముందు వెడల్పాటి మొగగా పరుచుకుంటుంది. ఆ మొగకు దక్షిణపు ఒడ్డున ఆర్థోగ్ ఉంది. ఊరు అనడమే గానీ, ఏ493 రోడ్డు వెంబడి ఒక చర్చి, ఒక విలేజ్ హాలు, అక్కడక్కడ ఇళ్ళు, అంతే. ఊరి వెనకాల నిటారుగా ఓక్ అడవి, ఆ పైన గొర్రెల మేతబీళ్ళు, వాటికీ పైన 893 మీటర్ల కాదైర్ ఇద్రిస్. ముందువైపు ఇసుక, బురద, ఉప్పు పర్ర. సముద్రమట్టం మీద నడిచే చదును దారి, మధ్య ఎత్తులో చెరువుల దాకా వెళ్ళే దారి, శిఖరం దాకా వెళ్ళే దారి మూడూ ఈ ఒక్క ఊరి పరిసరాల్లోనే దొరుకుతాయి. వేల్స్‌లోకెల్లా ఎత్తైన కొండ స్నోడన్ మీద కనిపించే జనం బారులు ఇక్కడ ఉండవు. ఇదంతా ఎరెరి జాతీయ ఉద్యానవనంలో భాగం. 1951లో ఏర్పడినప్పుడు స్నోడోనియా అన్నారు, ఇప్పుడు అధికారికంగా వెల్ష్ పేరే వాడుతున్నారు.

ఏ దారిన వెళ్ళాలో ఇంట్లో కూర్చుని ఖాయం చేసుకుని రావద్దు. మూడు దారులూ తెలిసి ఉండాలి, ఆ రోజు పొద్దున చూసి ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవడానికి చూడాల్సినవి రెండే: పైన మబ్బు, కింద పోటు.

పొద్దున చేసుకోవాల్సిన లెక్క

ముందు మబ్బు సంగతి. బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ వాళ్ళ పర్వత వాతావరణ సూచనలో ఎరెరి పేజీ తీయండి. ఫోన్‌లో మామూలుగా కనిపించేది మొగకు ఎదుటి ఒడ్డున ఉన్న బార్మత్ ఊరి వాతావరణం, అది తీరానిది, కొండకు అది పనికిరాదు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఇంచుమించు 6.5 డిగ్రీలు పడిపోతుంది. ఊళ్ళో 14 డిగ్రీలుంటే కాదైర్ తల మీద 8, దానికి గాలి తోడైతే ఒంటికి తగిలేది సున్నాకు దగ్గర్లో ఉంటుంది. శిఖరం మీద గాలి గంటకు 40 మైళ్ళు దాటుతుందని ఉంటే ఆ రోజుకు పైదారి వదిలేయండి. ఆ గాలిలో నిలదొక్కుకోవడమే పని అవుతుంది, రాళ్ళ మీద అడుగు వేయలేరు. మబ్బు 600 మీటర్ల కంటే కిందికి దిగి ఉంటే పైకి వెళ్ళినా కనిపించేది తెల్లటి గోడ మాత్రమే. అలాంటి రోజున సుమారు 240 మీటర్ల ఎత్తులో ఉన్న క్రెగెన్నెన్ చెరువులు మబ్బుకు కిందే ఉంటాయి, అక్కడికి వెళ్ళండి. మబ్బు ఇంకా దిగి వాన పట్టేస్తే మొగ ఒడ్డు దారి ఉండనే ఉంది.

పోటు లెక్క మనవాళ్ళకు కొత్తేమీ కాదు. కాకినాడలోనైనా బార్మత్‌లోనైనా అమావాస్యకూ పౌర్ణమికీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా పెద్ద పోట్లు వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పొద్దున 9కి నిండు పోటు ఉంటే రేపు 9:50 ప్రాంతంలో ఉంటుంది. బార్మత్ పోటు వేళలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: కొన్ని పట్టికలు గ్రీనిచ్ వేళలో ఉంటాయి, వేసవిలో వాటికి ఒక గంట కలుపుకోవాలి. ఒడ్డు దారిలో నడిచేవాళ్ళకు పోటు వల్ల ప్రమాదం ఉండదు, అది గట్టు మీద వేసిన దారి. పోటు చూసుకోవాల్సింది కంటికి కనిపించే దృశ్యం కోసం ఒకటి, ఇసుకలోకి దిగాలన్న ఆశను అణచుకోవడానికి రెండు. నిండు పోటుకు రెండు గంటల ముందు బయల్దేరితే నీళ్ళు లోపలికి ఎక్కుతూ ఉండగా వాటి వెంట నడవొచ్చు. పాటు వేళకు వస్తే మైళ్ళ కొద్దీ ఇసుకదిబ్బలు, వాటి మీద పక్షులు.

ఆ ఇసుక మీద నడిచి ఈ ఒడ్డున ఉన్న ఫెయిర్‌బోర్న్ వైపు నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న బార్మత్‌కు వెళ్ళిపోవచ్చని చూసినవాళ్ళకు అనిపిస్తుంది. వెళ్ళకూడదు. మధ్యలో నది కాలువ పాటు వేళలోనూ లోతుగా, వడిగా పారుతుంది. దిబ్బల అంచుల్లో ఊబి ఉంటుంది. పోటు నీరు మీరు వచ్చిన దారిని వెనక నుంచి ముందు ముంచేస్తుంది, ఎదురుగా మాత్రం ఇంకా పొడి ఇసుకే కనిపిస్తూ ఉంటుంది. అవతలి ఒడ్డుకు చేరడానికి వంతెన ఉంది. వేసవిలో ఫెయిర్‌బోర్న్ ఇసుక కొస నుంచి చిన్న పడవ కూడా నడుస్తుంది.

ఎలా చేరాలి

బర్మింగ్‌హామ్ నుంచి రైలు ష్రూస్‌బరీ మీదుగా వస్తుంది. దారిలో మహంథ్లెత్ దగ్గర కొన్ని రైళ్ళు రెండుగా విడిపోతాయి. సగం ఆబరిస్ట్‌విత్ వెళ్తుంది, సగం తీరం వెంబడి పుథ్లేలి వైపు వస్తుంది. ఎక్కగానే మీ పెట్టె ఏ సగంలో ఉందో గార్డును అడగండి. నిద్రపోయి లేచేసరికి ఆబరిస్ట్‌విత్‌లో తేలినవాళ్ళు కొత్తేమీ కాదు.

దిగాల్సిన స్టేషన్ మోర్వా మౌదఖ్. అడిగితేనే రైలు ఆగుతుంది. రైల్లో ఉన్నప్పుడు గార్డుకు ముందే చెప్పాలి. తిరిగి ఎక్కేటప్పుడు రైలు దూరం నుంచి కనిపించగానే ప్లాట్‌ఫామ్ మీద డ్రైవర్‌కు కనిపించేలా నిలబడి చేయి చాపాలి. బెంచీ మీద కూర్చుని ఉంటే రైలు ముందుకు సాగిపోతుంది, తర్వాతిది రావడానికి రెండు గంటలు పట్టొచ్చు. ప్రతి రైలు ఎక్కే ముందూ ఆఖరి రైలు వేళ చూసుకుని, దాని ముందు రైలుకే తిరిగి వెళ్ళేలా నడక ప్లాన్ చేసుకోండి.

కారులో వచ్చేవాళ్ళకు స్టేషన్ పక్కనే కార్ పార్క్ ఉంది. ఒక ముక్క: 2023 సెప్టెంబర్ నుంచి వేల్స్‌లో ఇళ్ళున్న వీధుల్లో మామూలు వేగ పరిమితి గంటకు 20 మైళ్ళు. ఇంగ్లండ్ అలవాటు మీద 30లో వస్తే చలానా వస్తుంది. క్రెగెన్నెన్ వైపు ఎక్కే రోడ్డు ఒక్క కారు పట్టేంత సన్నం, నిటారు, మధ్యమధ్యలో గేట్లు. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయాలి, తెరిచి ఉంటే అలాగే వదలాలి. ఎదురు బండి వస్తే ఎవరికి ప్యాసింగ్ ప్లేస్ దగ్గరో వాళ్ళే వెనక్కి వెళ్ళాలి. రివర్స్ చేయడం గట్టిగా రానివాళ్ళు కారు కిందే పెట్టి నడవడం మేలు.

ఒడ్డు దారి: మౌదఖ్ ట్రెయిల్, బార్మత్ వంతెన

1965లో మూసేసిన రైలుమార్గం మీద వేసిన దారి ఇది. మొగకు ఎగువన ఉన్న డోల్గెథ్లై ఊరి నుంచి బార్మత్ దాకా సుమారు 15 కిలోమీటర్లు. పాత రైలు కట్ట కాబట్టి ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండవు. సన్న కంకర పరిచి ఉంటుంది, పిల్లల బండీ, సైకిలూ హాయిగా పోతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, మోకాళ్ళ నొప్పులున్నా వాళ్ళను తీసుకెళ్ళగలిగేది ఈ దారికే.

మోర్వా మౌదఖ్ నుంచి రెండు దిక్కులకూ వెళ్ళొచ్చు. పడమటివైపు వెళ్తే కొద్ది నిమిషాల్లో బార్మత్ వంతెన. 1867లో తెరిచారు, పొడవు సుమారు 820 మీటర్లు, ఎక్కువ భాగం కర్ర స్తంభాల మీదే నిలబడి ఉంది. రైలు పట్టాల పక్కనే పలకలు పరిచిన నడకదారి. 1980లో ఈ స్తంభాలను సముద్రపు పురుగు తొలిచేసిందని బయటపడింది. బరువైన ఇంజన్లను కొన్నేళ్ళు ఆపేశారు. ఈమధ్యనే స్తంభాలూ ఇనుప భాగాలూ మార్చి పెద్ద మరమ్మతు పూర్తి చేశారు. వానకు పలకలు జారుతాయి. సైకిళ్ళు వెనక నుంచి వస్తాయి, వరసగా నలుగురు చేతులు పట్టుకుని నడిచేంత వెడల్పు లేదు. వంతెన మధ్యలో ఆగి తూర్పుకు తిరిగితే మొగ మొత్తం, కుడి చేతివైపు కాదైర్ గోడ కనిపిస్తాయి. పైదారి సంగతి తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

బార్మత్ చేరాక ఓపిక ఉంటే ఊరి వెనక గుట్ట ఎక్కండి. దాని పేరు దినాస్ ఒలై. 1895లో ఫానీ టాల్బట్ అనే ఆవిడ ఈ నాలుగున్నర ఎకరాలూ ఇచ్చారు, ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకు దక్కిన మొట్టమొదటి భూమి ఇదే. సందుల్లోంచి మెట్లు నిటారుగా ఉంటాయి గానీ అరగంటలో పని అయిపోతుంది.

తూర్పువైపు వెళ్తే పెన్‌మైన్‌పూల్ దాకా సుమారు 9 కిలోమీటర్లు. మొదట ఆర్థోగ్ బాగ్ అనే తడినేల వస్తుంది. పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ దీన్ని చూసుకుంటోంది. తర్వాత దారి నీటి అంచుకే వచ్చేస్తుంది, ఎడమపక్క మొగ, కుడిపక్క అడవి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. పెన్‌మైన్‌పూల్‌లో 1879 నాటి కర్ర టోల్ వంతెన, దాని పక్కనే పాత హోటల్, టీ తాగడానికి వీలుగా ఉంటాయి. ఈ వంతెన దగ్గర నీటి వడి ఎంతో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: 1966 జూలై 22న విహారానికి వచ్చిన పడవను ప్రవాహం వంతెన స్తంభాలకు కొట్టింది, 15 మంది చనిపోయారు. ఈత ఎంత వచ్చినా ఇక్కడ నీళ్ళలోకి దిగొద్దు.

అక్కడి నుంచి వెనక్కి నడవొచ్చు, లేదా ఏ493 మీద వెళ్ళే బస్సు పట్టుకోవచ్చు. ఆదివారాలు బస్సులు తక్కువ, వేళలు పొద్దునే చూసుకోండి. బస్సు తప్పిపోయిందని ఏ493 మీద నడిచి వద్దామనుకోవద్దు. ఆ రోడ్డుకు చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు, మలుపుల్లో రాతిగోడలు రోడ్డుకు ఆనుకుని ఉంటాయి. మళ్ళీ ట్రెయిల్ మీదికే రావాలి.

నడిమి దారి: జలపాతాలు, క్రెగెన్నెన్ చెరువులు

ఆర్థోగ్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, ముందు చేయాల్సింది ఈ దారి. శిఖరం ఎక్కామన్న పేరు రాదు గానీ అడవి, వాగు, చెరువు, బండలు, సముద్రం అన్నీ ఒక్క పూటలో చూపించేది ఇదే. స్టేషన్ నుంచి బయల్దేరి మళ్ళీ స్టేషన్‌కు చేరడానికి సుమారు 10 కిలోమీటర్లు, 300 మీటర్ల లోపు ఎక్కుడు, తినడానికి ఆగే సమయంతో కలిపి నాలుగు గంటలు.

మొదటి మెట్టు. స్టేషన్ నుంచి ట్రెయిల్ మీద తూర్పుకు ఒక కిలోమీటరు పైన నడవండి. కుడివైపు తడినేల మీదుగా గట్టు దారి ఊరి చర్చి దగ్గరికి వెళ్తుంది. గట్టు దిగి పక్కన అడుగు పెడితే చీలమండ లోతు బురద, కాబట్టి గట్టు మీదే ఉండాలి.

రెండో మెట్టు. చర్చి దగ్గర ఏ493 దాటాలి. కార్లు మలుపు తిరిగి వేగంగా వస్తాయి. పిల్లల చేతులు పట్టుకుని, అటూ ఇటూ చూసి ఒక్కసారిగా దాటండి. ఎదురుగా పబ్లిక్ ఫుట్‌పాత్ బోర్డు ఉంటుంది. పసుపుపచ్చ బాణం గుర్తు నడిచేవాళ్ళకు, నీలి బాణం గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. మీరు పట్టుకోవాల్సింది పసుపు.

మూడో మెట్టు. ఇక్కడి నుంచి వాగు వెంబడి ఓక్ అడవిలోంచి ఎక్కుడు. ఈ రోజు మొత్తంలో ఊపిరి ఆడనివ్వనిది ఈ ముక్క ఒక్కటే, కాబట్టి నెమ్మదిగా, మాట్లాడుతూ నడవగలిగేంత వేగంతో ఎక్కండి. వర్షాలు ఎక్కువ పడే నేల కాబట్టి చెట్ల మొదళ్ళకూ రాళ్ళకూ నాచు దట్టంగా పట్టి ఉంటుంది. జలపాతాలు ఒకదాని పైన ఒకటి మెట్లుగా వస్తాయి. ఫొటో కోసం దారి వదిలి వాగు అంచుకు వెళ్ళేవాళ్ళు జారేది ఇక్కడే. నల్లగా నిగనిగలాడే రాయి మీద కాలు పెట్టొద్దు, ముదురు బూడిద రంగులో గరుకుగా కనిపించే రాయి పట్టు ఇస్తుంది. ఓక్ వేళ్ళు దారికి అడ్డంగా పాకి ఉంటాయి, తడిసినప్పుడు అవి రాళ్ళకన్నా ఎక్కువ జారుతాయి. వేరు మీద కాకుండా వేరు దాటి అడుగు వేయాలి.

నాలుగో మెట్టు. అడవి అయిపోగానే రాతిగోడ, దాని మీదికి నిచ్చెన మెట్లు. ఒకరి తర్వాత ఒకరే ఎక్కాలి, దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టే వెనక్కి తిరిగి దిగాలి. గోడను వేరేచోట ఎక్కి దూకొద్దు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలివి, ఒక రాయి కదిలితే గజం గోడ కూలుతుంది.

అయిదో మెట్టు. బయలు నేలలో వాగు మీద రాతి పలకల వంతెన వస్తుంది. రెండు మూడు పొడవాటి పలకల్ని రాతి దిమ్మెల మీద అడ్డంగా పరిచారు, చేతికి పట్టుకోవడానికి ఏమీ లేదు. పలక మధ్యలో అరిగి నీళ్ళు నిలిచి ఉంటాయి, అంచు కంటే మధ్య భాగమే జారుతుంది. వంతెనకు దగ్గర్లో రాళ్ళు మిగిలిన చోటు లిస్ బ్రాద్వెన్. పన్నెండో శతాబ్దపు వెల్ష్ నాయకుడి లోగిలి అని స్థానికంగా చెప్తారు. నిలిచి ఉన్న గోడలేవీ లేవు, తెలియకపోతే దాటిపోతారు.

ఆరో మెట్టు. అక్కడి నుంచి దారి సన్న రోడ్డుకు కలుస్తుంది, ఎడమకు తిరిగి చెరువుల దాకా వెళ్ళాలి. క్రెగెన్నెన్ రెండు చెరువులు. పెద్దదాని మధ్యలో చిన్న దీవి ఉంది. ఈ భూమిని 1959లో నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చారు, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఇద్దరు కొడుకుల జ్ఞాపకంగా. కార్ పార్క్ ఉంది, దుకాణం మాత్రం లేదు. తిండీ నీళ్ళూ కింది నుంచే మోసుకు రావాలి.

కాళ్ళలో బలం ఉంటే ఇక్కడి నుంచి పారెద్ ఎ కెవ్న్ హీర్ అనే 383 మీటర్ల బండల గుట్ట ఎక్కండి. చెరువుల నుంచి మరో 140 మీటర్లే. నైరుతి కొస నుంచి దారి నిటారుగా లేచి గుట్ట వెన్ను మీదికి చేరుస్తుంది. చివరి భాగంలో ఒకటి రెండు చోట్ల చేతులు ఆనించాల్సి వస్తుంది. గుట్ట మీద ఇనుపయుగపు కోట ఆనవాళ్ళు ఉన్నాయి. ఎందుకు అక్కడ కట్టారో పైకి వెళ్తే అర్థమవుతుంది: ఉత్తరాన మొగ మొత్తం, వంతెన, సముద్రం, దక్షిణాన కాదైర్ ఉత్తరపు గోడ. రాయి తడిగా ఉన్నా గాలి గట్టిగా ఉన్నా ఈ గుట్ట వదిలేసి చెరువు చుట్టూ తిరిగి వచ్చేయండి.

దిగేటప్పుడు వచ్చిన అడవి దారి వద్దు. తడి నేల మీద ఎక్కడం కంటే దిగడం కష్టం. ఆర్థోగ్ వైపు దిగే సన్న రోడ్డు పట్టుకోండి, నిటారే గానీ తారు రోడ్డు. కార్లు అరుదు, వచ్చినప్పుడు గోడకు ఆనుకుని నిలబడండి. ఏ493 తగిలాక రోడ్డు అంచున ఊరి దాకా జాగ్రత్తగా వచ్చి, చర్చి దగ్గరి గట్టు దారి మీదుగా స్టేషన్‌కు.

జూలై, ఆగస్టుల్లో ఈ బీళ్ళలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క భుజాల దాకా పెరిగి దారిని కప్పేస్తుంది. అందులో టిక్స్ ఉంటాయి, మన పశువులకు పట్టే పిడుదుల జాతే. కొన్ని లైమ్ జ్వరం అంటిస్తాయి. పొడుగు ప్యాంటు వేసుకుని దాని అంచు సాక్స్‌లోకి దోపండి. సాయంత్రం మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి చేస్తే అది కడుపులో ఉన్నదంతా మీ ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. తర్వాతి వారాల్లో కుట్టిన చోట ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పైదారి: పోనీ పాత్, కాదైర్ ఇద్రిస్

కాదైర్ ఎక్కడానికి ఈ వైపు నుంచి నమ్మదగిన దారి పోనీ పాత్. టీ నాంట్ కార్ పార్క్ నుంచి మొదలవుతుంది. ఆర్థోగ్ నుంచి క్రెగెన్నెన్ రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు, డోల్గెథ్లై నుంచయితే ఇంకా తేలిక. రానూపోనూ 9.6 కిలోమీటర్లు, ఎక్కుడు 727 మీటర్లు. స్కాట్లాండ్‌కు చెందిన నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట. ఆ లెక్కన నడకే మూడు గంటల పైన. నీళ్ళకూ తిండికీ ఫొటోలకూ కలిపి ఉద్యానవనం వాళ్ళు 5 గంటలు చెప్తారు. కొత్తవాళ్ళు 6 వేసుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే సూర్యాస్తమయం. శీతాకాలంలో పొద్దున పదికి మించి ఆలస్యమైతే ఎక్కొద్దు. మంచు గడ్డకట్టిన రోజున ఐస్ యాక్స్, బూట్లకు తగిలించుకునే ముళ్ళ పట్టీలు (క్రాంపాన్లు) లేనివాళ్ళకూ, వాటిని వాడటం రానివాళ్ళకూ ఈ కొండతో పని లేదు.

మొదట పొలాలూ చెట్లూ, వాగు పక్కన నడక. తర్వాత రాతిమెట్లు. మెట్లు ఒక ఎత్తున ఉండవు, దిగేటప్పుడు మోకాళ్ళకు పరీక్ష. వాకింగ్ పోల్స్ ఉంటే ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే పనికొస్తాయి, అప్పుడు వాటి పొడవు ఒక అంగుళం రెండంగుళాలు పెంచుకోండి. గంట, గంటంబావులో రియు గ్వ్రెదిద్ అనే కనుమ చేరతారు. అక్కడ కంచె ఉంటుంది. ఇక్కడ నిలబడి పైకి చూడండి. ముందున్న గట్టు కూడా మబ్బులో ఉంటే, దిక్సూచి వాడటం రాకపోతే, వెనక్కి తిరగాల్సిన చోటు ఇదే. సగం కంటే ఎక్కువ ఎక్కేశాం కదా అన్న లెక్కే జనాన్ని ఇబ్బందుల్లోకి లాగుతుంది.

కనుమ దగ్గర ఎడమకు, అంటే తూర్పుకు తిరగాలి. రాళ్ళలో వంకరలు తిరుగుతూ దారి వెన్ను మీదికి ఎక్కుతుంది. కవ్రుయ్ అనే పక్క శిఖరం అంచు దగ్గరికి వచ్చాక ఎడమపక్క నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కింద లిన్ ఎ గాదైర్ చెరువు. అంచుకు పది అడుగుల దూరంలో ఆగండి, గాలి పైకి తన్నుతుంది. చివరి ఎక్కుడు పెద్దపెద్ద రాళ్ళ మీద, దారి చెదిరిపోయి రాళ్ళ గుట్టలే గుర్తులుగా ఉంటాయి. శిఖరం పేరు పెనెగాదైర్. సర్వే స్తంభం, దాని పక్కనే కప్పున్న రాతి గుడిసె. గాలివానలో గుడిసెలో కూర్చుని తినొచ్చు. ఈ కొండ మీద ఒక్క రాత్రి పడుకుంటే కవి అయినా అవుతారు, పిచ్చివాడైనా అవుతారని ఇక్కడి నానుడి. మనవైపు ఆ రెంటికీ పెద్ద తేడా చూపించరు కాబట్టి భయపడాల్సింది లేదు.

ఇక అసలు ప్రమాదం. ఈ కొండ మీద దారి తప్పడం ఎక్కువగా దిగేటప్పుడు, శిఖరం నుంచి మొదటి పది నిమిషాల్లోనే జరుగుతుంది. మబ్బులో గుడిసె నుంచి బయటికి వచ్చాక అన్ని వైపులా ఒకేలాంటి రాళ్ళ గుట్టలు. ఉత్తరానికి పోయే ఒక దారి ఫాక్సెస్ పాత్ అనే జారుడు దారిలోకి దింపుతుంది. అది నిటారు కంకరవాలు. ఒకప్పుడు వాడేవారు గానీ అరిగి, కాలి కింద రాళ్ళు దొర్లుతూ ఉంటాయి, మీ పైనున్నవాళ్ళు దొర్లించిన రాళ్ళు మీ మీదికి వస్తాయి. ఉద్యానవనం వాళ్ళు అటు దిగొద్దనే చెప్తారు. అందుకని:

గుడిసెలోకి వెళ్ళే ముందే మీరు వచ్చిన దిక్కు దిక్సూచి మీద చూసి ఫోన్‌లో రాసుకోండి. బయటికి వచ్చాక అదే దిక్కుకు ఎదురు పట్టండి. మొదట నైరుతికి దిగి, తర్వాత పడమటికి సాగాలి. పడమటికి నడుస్తున్నంతసేపూ ఉత్తరపు కొండ అంచు మీ కుడిచేతి వైపు ఉండాలి. ఎడమచేతి వైపు అగాధం కనిపిస్తే తప్పు దిక్కులో ఉన్నట్టే. ఆగి, గుడిసె దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. దగ్గరి దారి వెతకొద్దు.

రెండో తప్పు కనుమ దగ్గర జరుగుతుంది. రియు గ్వ్రెదిద్‌లో కుడికి, ఉత్తరానికి తిరిగితేనే టీ నాంట్. తిన్నగా దిగిపోతే దక్షిణపు లోయలో లాన్‌విహంగెల్ ఎ పెన్నంట్ చేరతారు. అందమైన లోయే, కానీ కారు కొండకు అవతల ఉంటుంది, అక్కడి నుంచి టాక్సీ దొరకడం కూడా కష్టమే.

దక్షిణం వైపు నుంచి మిన్‌ఫోర్ద్ దారి మరొకటి ఉంది. దూరం అంతే గానీ ఎక్కుడు 867 మీటర్లు, లిన్ కై చెరువు చుట్టూ అంచు మీద నడక. మధ్యలో ఒక శిఖరం ఎక్కి మళ్ళీ దిగి అసలు శిఖరం ఎక్కాలి, చాలామంది మొదటిదే పెనెగాదైర్ అనుకుని ఉసూరుమంటారు. పోనీ పాత్ ఒకసారి చేసినవాళ్ళకు, మబ్బులేని రోజుకు.

సరంజామా

మ్యాపు: ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్23, 1:25,000 కొలత. దాని మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పచ్చ గీతలు హక్కుగా నడవగలిగే దారులు. నల్ల గీతల దారులు నేల మీద కనిపిస్తాయి గానీ అక్కడ హక్కు ఉందని చెప్పలేం. లేత పసుపు రంగు వేసిన బీళ్ళలో ఎక్కడైనా నడవొచ్చు. ఫోన్ మ్యాపు కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

బట్టల్లో జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి, ఆరక, కాళ్ళలో వేడిని పీల్చేస్తాయి. కాటన్ బనియన్ కూడా అంతే. ఆటల షాపులో దొరికే పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఫ్లీస్, దాని మీద వాన ఆపే జాకెట్టు, వాన ప్యాంటు. టోపీ, గ్లవ్స్ ఆగస్టులోనూ సంచిలో ఉండాలి. కాలికి చీలమండ కప్పే బూట్లు, కింద లోతైన గాడులున్నవి. జాగింగ్ షూస్ ఒడ్డు దారికి సరిపోతాయి, క్రెగెన్నెన్ తడిగడ్డి మీద జారతాయి. కొత్త బూట్లతో నేరుగా కొండకు రావద్దు, వారం రోజులు ఇంటి చుట్టుపక్కల తొడుక్కుని తిరగండి. మడమ దగ్గర వేడిగా అనిపించిన మరుక్షణమే ఆగి ప్లాస్టర్ వేయాలి. బొబ్బ లేచాక వేస్తే దిగేదాకా కుంటడమే.

నీళ్ళు మనిషికి ఒడ్డు దారికి లీటరు, పైదారికి రెండు లీటర్లు. వాగు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా పైన గొర్రెలు ఉంటాయి, మరిగించకుండా తాగొద్దు. తిండికి పులిహోర కంటే మంచిది లేదు, చల్లారినా రుచి మారదు, ఉప్పూ నూనే చలిలో పనికొస్తాయి. పెరుగన్నం శిఖరం మీద పళ్ళు జివ్వుమనిపిస్తుంది. జేబులో వేరుశనగ చిక్కీ, సంచిలో ఫ్లాస్కు నిండా టీ. విస్తరైనా, అరటితొక్కైనా, నారింజతొక్కైనా వెనక్కి తెచ్చుకోవాలి. ఈ చలిలో అవి నెలల తరబడి కుళ్ళవు.

కుక్క ఉన్నవాళ్ళకు: మార్చి 1 నుంచి జూలై 31 దాకా బయలు బీళ్ళలో 2 మీటర్లకు మించని పట్టీతో ఉంచడం చట్టం. గొర్రెల దగ్గర ఏడాది పొడుగునా పట్టీ ఉండాల్సిందే.

ఏదైనా జరిగితే

ఇంట్లో ఎవరికైనా ఏ దారిన వెళ్తున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఆ వేళ దాటి ఎంతసేపటికి ఆందోళన పడాలి అనేది రాసి పెట్టి వెళ్ళండి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మకు చెప్తే కంగారు తప్ప ఉపయోగం ఉండదు, ఇక్కడే ఉన్న స్నేహితులకు చెప్పండి.

అత్యవసరంలో 999కు ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే కొండ మీదికి మనుషులు రావడం ఆలస్యమవుతుంది. చెప్పాల్సినవి వరుసగా: మ్యాపు గ్రిడ్ నంబరు, ఎంతమంది, ఏం దెబ్బ, అక్కడ వాతావరణం. ఉదాహరణకు పెనెగాదైర్ గ్రిడ్ ఎస్‌హెచ్ 711 130. మాట వెళ్ళకపోయినా మెసేజ్ వెళ్ళే సిగ్నల్ ఉండొచ్చు, కానీ 999కు మెసేజ్ పంపాలంటే ముందే నమోదు కావాలి. బయల్దేరే ముందు ఇంట్లోనే ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అన్న మాట టైపు చేసి 999కు పంపండి, తిరిగి వచ్చే మెసేజ్‌లో చెప్పినట్టు చేయండి. నిమిషం పని.

ఫోన్ అసలే పనిచేయకపోతే ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. చీకట్లో టార్చితోనూ అంతే. బదులుగా మూడు ఈలలు వినిపిస్తే మీ పిలుపు అందినట్టు. అందింది కదా అని ఆపొద్దు, వాళ్ళు మీ దగ్గరికి వచ్చేదాకా ఊదుతూనే ఉండాలి, ఆ శబ్దం పట్టుకునే వస్తారు. రెస్క్యూ వాళ్ళంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు, డబ్బులు అడగరు. ఉద్యోగాలు వదిలి, ఇళ్ళ నుంచి బయల్దేరి, కొండ ఎక్కి రావాలి కాబట్టి రెండు మూడు గంటలు పట్టడం మామూలే. ఫోన్ పెట్టేయగానే, చలి వేయకముందే, ఉన్న బట్టలన్నీ తొడుక్కోండి. సంచి పరిచి దాని మీద కూర్చోండి, నేల లాగే వేడి గాలి లాగే వేడి కంటే ఎక్కువ. చెప్పిన చోటు నుంచి కదలొద్దు.